ఆఖరి పదహారు పేజీలు

రువీలో మా లాండ్రీ వెనక గదిలో
ఇస్త్రీ బల్లకు ఒక కాలు పొట్టి.
ఎన్నేళ్లుగానో ఆ కాలి కింద నలిగిన పుస్తకాన్ని
మొన్న బల్ల మార్చేటప్పుడు బయటికి లాగాను.
"ఆరో గోరు". వెల రూపాయి పావలా. రచన: మార్జాల్.
అట్ట మీద ఎర్ర లిప్‌స్టిక్ అమ్మాయి,
ఆమె వెనక ఒక టోపీ.
టోపీ కింది మొహాన్ని నాకంటే ముందే పురుగు చదివేసింది.

బొంబాయి మెయిల్లో లోపల గడియ పెట్టిన కూపే, సేఠ్ శవం.
నూట పన్నెండో పేజీ చివర
డిటెక్టివ్ పరంతప్ సిగరెట్ నలిపేసి
"హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు" అన్నాడు.
ఆ తర్వాత కుట్టుదారం మాత్రమే.

శుక్రవారాలన్నీ దీనికే పోతున్నాయి.
కోరుట్ల లైబ్రరీలో అడగమంటే తమ్ముడు
"గసొంటి బుక్కులు బీరువాల ఉంటయా అన్నా, పరుపుల కింద ఉంటయి గని" అన్నాడు.
తెనాలికి ఫోన్ చేయించాను,
ప్రెస్సున్న చోట సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారట.
పేరా, అదీ దొంగ పేరు. పిల్లి ఎవరికి అడ్రసిచ్చి వెళ్తుంది?

మత్రాలో చేపల మార్కెట్ దాటాక
కుట్టుమిషన్ మీద కునికే బలూచీ ముసలాయన, దుర్‌మహమ్మద్.
అక్షరాలు ఆయనకు రావు. అట్ట మీది అమ్మాయిని చూసి లేచి కూర్చున్నాడు.
"ఈ పిల్లను నేనే పుట్టించానని చెప్పుకునేవాడు ఆ స్టోర్‌కీపర్.
జేబులో రెండు పెన్నులు, ఒకటి కంపెనీది, ఒకటి తనది.
జీతాల రోజు నా మెట్టు మీద కూర్చుని
చదువు రానోళ్లకు ఉత్తరాలు రాసేవాడు.
ఉత్తరానికి వంద బైసలు.
చెబుతూ చెబుతూ ఏడిస్తే, డబ్బులు తీసుకునేవాడు కాదు."

మా బాపుది వేలిముద్ర.
మరి ఆ ఉత్తరాలు?

బియ్యం డబ్బా అడుగున ఉన్నాయంది అమ్మ.
తమ్ముడు ఫోటో తీసి పంపాడు.

"చి.ల.సౌ. నర్సవ్వకు ఆశీర్వదించి వ్రాయునది.
ఇచ్చట అందరం క్షేమం.
అయితే నిన్న రాత్రి రెండు గంటలకు క్యాంపు తలుపు
ఎవరో మూడుసార్లు తట్టారు.
తీసి చూస్తే మనిషి లేడు.
గడప మీద తడి చెప్పుల గుర్తులు.
లోపలికి వచ్చినవే గాని వెళ్లినవి లేవు.
మిగతాది వచ్చే ఉత్తరంలో."

అమ్మ నవ్వింది, చాలా రోజులకు, ఫోన్‌లోనే.
"పోస్టుమాన్ సదివిపెట్టేటోడు.
తెల్లారి సైకిల్ దిగకముందే
'గా చెప్పులు ఎవలియి గావచ్చు వదినా' అని అడిగేటోడు.
నాకు అప్పుడే అనుమానం.
మీ బాపు 'తట్టారు' అంటడా?
కొట్టిండ్రు అంటడు గని."

వచ్చే ఉత్తరం రాలేదు, బాపే వచ్చాడు.
చెప్పుల సంగతి అడిగితే
"ఏం చెప్పులు?" అన్నాడట.

ఫోటోలో 'ళ'కు తేలు తోకలాంటి వంపు.
ఎక్కడో చూశాను.
లేచి పుస్తకం తెరిచాను. ముప్పై తొమ్మిదో పేజీ.
అచ్చులో ఉన్న 'కత్తి'ని కొట్టేసి
పైన పెన్నుతో 'కత్తెర' అని దిద్ది
అంచున "ప్రెస్సువాళ్ళు గాడిదలు" అని రాసి ఉంది.
ఇన్నాళ్లూ ఎవరో తిక్క పాఠకుడనుకున్నాను.
అదే తోక. అదే తేలు.

హత్య కత్తితో కాదన్నమాట.
కూపేలో కత్తెర ఉన్నది ఒక్కడి దగ్గరే,
సేఠ్ కోటు కొలతలకు వచ్చిన దర్జీ,
నలభయ్యో పేజీలో నీళ్లు అడిగి
మళ్లీ కనపడనివాడు.

శుక్రవారం దాకా ఆగలేక మత్రాకు బస్సెక్కాను.
అంతా విన్నాడు దుర్‌మహమ్మద్.
కిటికీలోంచి ఓడ కూత.
"ఇంతకీ ఆయన ఎక్కడికి పోయాడు చాచా?
ఆ పుస్తకం మా బల్ల కిందికి ఎవరు తెచ్చారు?"

దారం పళ్లతో తెంపాడు,
చేతిలో కత్తెర ఉండగానే.
దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టి, అద్దాలు తీసి,
"చీకటి పడింది" అన్నాడు.
"శుక్రవారం రా."